రెండు ఒడ్డుల నడక

మన తండా, టేకులపల్లి
3 నవంబర్ 2024

చెల్లె మంగ్లికి హరిలాల్ అన్న రాసేది,

ఇక్కడ మేం బాగున్నాం. మీ వదిన నిర్మల పొద్దున్నే పత్తి ఏరడానికి పోతోంది. నడుం నొప్పంటూనే చేనులో అందరికంటే ముందుంటోంది. నువ్వెలా ఉన్నావు? నీ అంగన్‌వాడీ పిల్లలు ఎలా ఉన్నారు?

నేను లారీ వదిలేశాను. పెద్ద కారణమేమీ లేదు, ఇక చాలనిపించింది. ఇన్నేళ్ళు జామాయిల్ కర్ర ఎక్కించుకుని సారపాక కాగితం మిల్లుకు తిప్పినవాణ్ణి, ఇంట్లో కూర్చోమంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. అందుకని నడుస్తున్నాను. మొదట్లో టేకులపల్లి దాకా పోయి చాయ్ తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడు పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాను. మీ వదిన ముఖం చూస్తే చాలు, పనీపాటా లేనివాడని తిట్టుకుంటోందని తెలిసిపోతుంది.

ఈ రోడ్డు నాకు కొట్టిన పిండి అనుకున్నాను మంగ్లీ. ఏమీ తెలియదు. స్టీరింగ్ వెనక నుంచి చూస్తే గుంతలు, మలుపులు, ఎదురొచ్చే బండ్లు, అంతే. మొన్న కొత్తగూడెం దారిలో తుమ్మచెట్లన్నీ తెల్లగా పూసినట్టు కనిపించాయి. దగ్గరికి పోయి చూస్తే పత్తి. లోడు లారీలు పోతుంటే కొమ్మలకు చిక్కుకుంది. ఒక చిన్న పిట్ట ఆ పత్తిని ముక్కుతో పీక్కుని పొదలోకి పోతోంది, మళ్ళీ వస్తోంది. కల్వర్టు గోడ ఎండకు వెచ్చగా ఉంటే దాని మీద కూర్చుని అదే చూస్తూ ఉండిపోయాను. ఒక ఉసిరికాయ కొరికి బోరింగు నీళ్ళు తాగాను. ఆ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నాయంటే, లారీ నడిపే రోజుల్లో ఏ హోటల్లోనూ అంత మంచి వస్తువు నోట్లో పెట్టుకోలేదు.

పత్తి పనులయ్యాక మీ ఇప్పలగుంపుకు నడిచి రావాలని ఉంది. బావ పోయినప్పుడు వాగు పొంగి చర్ల దవాఖానా దగ్గర్నుంచే వెనక్కి తిరిగాను. నీ ఇల్లు నేనింతవరకు చూడలేదు.

ఫోన్ చేయకు, అది పాడైంది. ఉత్తరమే రాయి.

మీ అన్న
హరిలాల్


ఇప్పలగుంపు, చర్ల మండలం
14 నవంబర్ 2024

అన్నకు,

నీ ఉత్తరం చర్ల పోస్టాఫీసులోనే ఉండిపోతే, మీటింగుకు పోయినప్పుడు తెచ్చుకున్నాను. ఫోన్ పాడైందని రాశావు. సిగ్నల్ కోసం గుట్టెక్కి చేసిన ప్రతిసారీ వదినే ఎత్తుతోంది. "ఆయన బయటికి పోయిండు" అంటోంది. పాడైన ఫోన్ వదినకెలా మోగుతోందో నువ్వే చెప్పాలి.

నువ్వు బస్సుండి నడుస్తున్నావు. మేం బస్సు లేక నడుస్తున్నాం. గుడ్ల ట్రే నెత్తిన పెట్టుకుని వాగు దాటేటప్పుడు ఏ పిట్ట ముక్కున ఏముందో నేను చూడను, కాలి కింద రాయి చూస్తాను. టీకాల రోజు గుట్ట అవతలి గుంపులోని ఇళ్ళకు పోయి వచ్చేసరికి మోకాళ్ళు నావి కాకుండా పోతాయి. దాన్ని సంతోషమని ఉత్తరంలో రాసుకోవచ్చని నాకు తట్టలేదు.

ఇంకో మాట. పిట్ట గురించి అంత రాశావు గానీ అదెలా కూసిందో రాయలేదు. చిన్నప్పుడు కంజు పిట్ట కూత, కోయిల కూత నోటితో చేసి నన్ను నవ్వించేవాడివి. ఇప్పుడు అవన్నీ మరిచిపోయినట్టున్నావు.

నువ్వు రావద్దు. దారి బాగాలేదు, మధ్యలో పోలీసు క్యాంపులున్నాయి, అడుగడుక్కీ ఆపి అడుగుతారు. అయినా వచ్చి చెప్పేదేముంది? అమ్మ దినాల నాడు నేనడిగినదానికి నీ జవాబు అప్పుడే అందింది. మళ్ళీ ఇంత దూరం నడిచి చెప్పనక్కర్లేదు.

వదినను నడుముకు ఆముదం కాచి రాసుకోమను. పిల్లలు బాగున్నారు.

మంగ్లి


మన తండా
25 నవంబర్ 2024

మంగ్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపంగా ఉన్నావని అర్థమైంది, ఎందుకో అర్థం కాలేదు. అమ్మ దినాల నాడు నన్నేమడిగావో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నిర్మలకూ తెలియదు. చివరికి తట్టింది. అమ్మ ఫేటియా గురించే అయ్యుంటుంది కదా? అద్దాలు కుట్టిన ఆ ఎర్ర పావడా పెట్టెలోనే భద్రంగా ఉంది. అమ్మ కడియాలు కూడా ఉన్నాయి. అవన్నీ నీకే చెల్లె. నా దగ్గర పెట్టుకుని ఏం చేసుకుంటాను? కాళ్ళు ఆడుతున్నప్పుడే ఎవరివి వాళ్ళ చేతికి అందించేయాలి. నేనే తెచ్చిస్తాను. లోపలికి రావద్దంటే గుమ్మంలో ఇచ్చి వెళ్ళిపోతాను.

నడక సంతోషమని రాసినందుకు నీకు కష్టం కలిగినట్టుంది. నువ్వన్నది నిజమే. నెత్తి మీద బరువున్నవాళ్ళ నడక వేరు. కానీ నిన్న చూసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను? కిన్నెరసాని వైపు అడవిలో తెల్లవారుజామున మంచు పడింది. గడ్డిలో సాలెగూళ్ళు, ఒకటీ రెండూ కాదు, కనుచూపు మేరంతా ఉన్నాయి. మామూలుగా కంటికే ఆనవు. మంచు పట్టేసరికి ఒక్కో గూడూ వెండి జల్లెడలా తేలింది. సూర్యుడు టేకుచెట్ల మీదికి వచ్చాడు. నేలంతా ఒక్కసారి వెలిగింది. కాసేపటికి మంచు ఆరిపోయింది, ఒక్క గూడూ లేదు. ఉన్నాయి, కనిపించవు, అంతే. చెప్పులు విప్పి నిలబడ్డాను. ఎందుకు విప్పానో తెలియదు.

ఫోన్ సంగతి వదిలేయ్. జనవరిలో బయలుదేరదామనుకుంటున్నాను. వీలైతే ముందే.

అన్న


ఇప్పలగుంపు
4 డిసెంబర్ 2024

అన్నా,

నీకేమైంది? దాచకుండా రాయి. లారీ వదిలేశావు. ఫోన్లో గొంతు వినిపించవు. ఒక్కడివే అడవుల్లో తిరుగుతున్నావు. ఇప్పుడు అమ్మ వస్తువులు పంచిపెడతానంటున్నావు. కాళ్ళు ఆడుతున్నప్పుడే అన్న మాట చదివి నాకు అన్నం సహించలేదు. ఏ డాక్టరుకు చూపించుకున్నావు? ఏమన్నాడు? ఇది ఏదైనా మొక్కు నడకా?

ఫేటియా నాకొద్దు. నేను అడిగింది ఫేటియా కాదు. అదిప్పుడు పక్కన పెట్టు. నువ్వు ఇల్లు కదలకు. సెలవు దొరకగానే నేనే వస్తాను.

మంగ్లి


భద్రాచలం
10 డిసెంబర్ 2024

ప్రియమైన చెల్లెకు,

ఈ ఊరి పేరు చూసి తిట్టుకోకు. పత్తి తొందరగా అయిపోయింది, ఆకాశం తేటగా ఉంది, ఉండబట్టలేక బయలుదేరాను. రోడ్డుకు కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడుస్తున్నాను. భయపడకు.

పాల్వంచ దాటాక అడవిలో ఒక ముసలాయన జొన్నరొట్టె, చింతపండు కారం టేకాకులో పెట్టి ఇచ్చాడు. ఏం మాట్లాడుకోలేదు. ఇద్దరం తిన్నాం. నేను చెయ్యెత్తి దండం పెట్టాను, ఆయన నవ్వాడు.

ఈ పూట వంతెన దాటాను మంగ్లీ. లారీలో ఎన్ని వందలసార్లు దాటానో లెక్క లేదు. గోదావరి అంటే నాకు గేరు మార్చే చోటు, మిల్లు దాటాక భద్రాచలం పోయే దారి, అంతవరకే. ఇవాళ మధ్యలో ఆగి కమ్మీ పట్టుకున్నాను. లారీ వచ్చినప్పుడల్లా వంతెన వణుకు అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా ఎక్కేది. కింద అంత నీరు, ఏ తొందరా లేకుండా, ఎవరూ తోలకుండా తనంతట తాను పోతోంది. నేను పుట్టకముందు నుంచీ పోతోంది. నేను దాని మీదుగా అవతలి ఒడ్డు నుంచి మిల్లుకు కర్ర తోలుకుంటూ, టైమైపోతోందని తిట్టుకుంటూ తిరిగాను. సిగ్గనిపించింది. ఆ వెంటనే అలాంటిదేమీ లేకుండా ఒళ్ళంతా తేలికైపోయింది. నీళ్ళ మీద ఎండ పడి ఎంత మెరిసిందంటే కళ్ళు మూసుకున్నా ఆ వెలుగు లోపలే ఉండిపోయింది.

రేపు దుమ్ముగూడెం వైపు నడుస్తాను. నీ ఇంటికి ఈ ఉత్తరం ముందు వస్తుందో, నేనే ముందొస్తానో చూద్దాం.

అన్న


ఇప్పలగుంపు, నీ ఇల్లు
14 డిసెంబర్ 2024

మంగ్లీ,

నీ ఇంట్లో కూర్చుని, నీ కోసం, మన ఇంటికి ఉత్తరం రాస్తున్నాను. నేను వచ్చేసరికి నీ తలుపుకు తాళం. ఎదురింటి ఎర్రమ్మ నన్ను చూసి చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. ఆమె కొడుకు రవీందర్ వచ్చి చదువుకోమని ఫోన్లో రాసి చూపించాడు. "టీచరమ్మ మీ కాడికే పోయింది. పడవెక్కి మణుగూరు వైపు నుంచి పోయింది." నేను భద్రాచలంలో రాసిన ఉత్తరం పొద్దుననే వచ్చి నీ తలుపు సందులో ఉంది. నా ఉత్తరం నేనే తీసుకున్నాను.

రవీందర్ ఫోన్లో ఎందుకు రాసి చూపించాడని అడుగుతావు. ఇక చెప్పేస్తాను. చర్ల ఇవతల క్యాంపు దగ్గర వెనక నుంచి ఆగమని అరిచారట. నేను ఆగలేదు. చెట్ల పైనున్న కొండలు నీలంగా ఉంటే అవే చూస్తూ పోతున్నాను. ఎవరో భుజం పట్టుకుని గుంజితే తిరిగి చూశాను. ఎదురుగా తుపాకులు. ఒకతని నోరు ఆడుతోంది, ఏం అడుగుతున్నాడో తెలియదు. చేతులు పైకెత్తాను. ఆ తర్వాత ఒక చెయ్యి దించి చెవి మీద పెట్టి "నాకు వినపడదు సార్" అన్నాను. ఆ మాట మీ వదినకు తప్ప ఇంకెవరికీ నేనింతవరకు చెప్పలేదు. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో కూడా నాకు తెలియదు. వాళ్ళు తుపాకులు దించారు. నన్ను గుంజినతను కుర్చీ వేసి చాయ్ ఇచ్చి, కాగితం మీద రాసి అడిగాడు. ఎక్కడికి? చెల్లెలి ఇంటికి అన్నాను. గేటు దాకా తోడొచ్చి దారి చూపించాడు.

జ్వరం తర్వాత మొదలైంది. ముందు ఒక చెవి, తర్వాత రెండోది. పిట్టల కూత ఎందుకు రాయలేదని అడిగావు. అందుకే.

ఎర్రమ్మ ఇంకో మాట రాయించింది. "మా అన్న నాకు జవాబియ్యలే, మొఖం తిప్పుకొని పోయిండు" అని నువ్వు ఆమె దగ్గర ఏడ్చావట. నువ్వేమడిగావో నాకు తెలియదు చెల్లె. ఎంత దగ్గర నిలబడి అడిగావో కూడా తెలియదు. మళ్ళీ అడుగు. రాసి అడుగు.

రవీందర్ గుట్టెక్కి నిర్మలకు ఫోన్ చేస్తానన్నాడు, నేను చేరానని చెప్పమన్నాను. తాళం చెవి ఎర్రమ్మ ఇచ్చింది. అమ్మ ఫేటియా నీ దండెం మీద ఉంచాను.

హరిలాల్


మన తండా
15 డిసెంబర్ 2024

అన్నా,

నువ్వు మా ఊరు చేరావని రవీందర్ ఫోన్ చేశాడు. ఇప్పుడే గుండె కుదుటపడింది. వదిన చాయ్ ఇచ్చి, "చెవులు లేనోనికి ఫోన్ల ఏం జెప్తం, కాయితమే రాయి" అంది.

నిన్న సాయంత్రం ఇక్కడికొచ్చాను. వదిన వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. నన్ను చూసి చేతిలో బుట్ట అక్కడే వదిలేసింది.

"నువ్వొచ్చినవా మంగ్లీ? ఆయన నీ కాడికే పోయిండు గదా."

"గంత రోగం పెట్టుకున్న మనిషిని ఒక్కన్నే ఎట్ల పంపినవ్ వదినా?"

"రోగమా? ఏం రోగం?"

"నువ్వే జెప్పాలె. సచ్చేటోని లెక్క వస్తువులు పంచుతనని రాసిండు."

వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "రోగం గాదు, పాడు గాదు. ఆయనకు వినపడ్తలేదు. అత్త పోకముందు జ్వరమొచ్చింది గదా, అప్పటిసంది. ఎవ్వలకు జెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. మొన్న ఎండకాలంల వెనకనుంచి హారన్ కొట్టినా వినక, ఓ బండి లారీని గీసుకుంట పోయింది. ఆ పొద్దే తాళంచెవి ఓనర్‌కిచ్చి నడుసుకుంట ఇంటికొచ్చిండు. అట్ల మొదలైంది గీ నడక."

ఇన్నాళ్ళు నీ మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను నాలుగో తేదీన రాసిన ఉత్తరం మీ గూట్లో విప్పకుండానే ఉంది.

నేనడిగింది చెప్తాను. అమ్మ దినాల నాడు నువ్వు కొట్టంలో దూడను కట్టేస్తున్నావు. నేను నీ వెనక నిలబడి, "అన్నా, నేను మళ్ళ తండాకే వచ్చి మీతోని ఉంటే మీకు బరువైతనా" అని అడిగాను. నువ్వు తాడు ముడేసి, తువ్వాలు దులిపి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయావు. మీ బావ పోయిన ఏడాది అది. ఆ ఒక్క మాట అడగడానికి ఎన్ని రోజులు ధైర్యం కూడగట్టుకున్నానో నీకు తెలియదు.

ఇక నా నడక సంగతి. పొద్దున్నే పడవెక్కాను. నీళ్ళ మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ ముందుభాగం కూడా కనిపించలేదు. నది మధ్యకు పోయేసరికి ఒడ్డుల్లేవు, ఆకాశం లేదు, తెడ్డు చప్పుడొకటే ఉంది. భూమ్మీద నేనూ పడవాయనా తప్ప ఎవరూ మిగల్లేదనిపించింది. భయం వేయలేదు. అటువైపు దిగి రోడ్డెక్కి, బస్సు రాదేమోనని ముందుకు నడిచాను. కాసేపటికి బస్సు వచ్చింది, నా పక్కనే ఆగింది. కండక్టర్ "ఎక్కమ్మా, జల్దీ" అన్నాడు. నేను ఎక్కలేదు. ఎందుకని నన్నడగకు. నెత్తిన గుడ్ల ట్రే లేదు, చంకలో రిజిస్టర్ లేదు, ఎవరి ఇంటికీ టైముకు పోనక్కర్లేదు. అలా చేతులు ఊపుకుంటూ నడవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

రెండో రోజు మలుపు తిరిగేసరికి రోడ్డు మధ్యలో అడవిదున్న నిలబడి ఉంది. ఇంటి గోడంత ఎత్తు, నల్లగా నూనె రాసినట్టు ఒళ్ళు, మోకాళ్ళ కింద నాలుగు కాళ్ళూ తెల్లగా. నేను కొయ్యబారిపోయాను. అది ఊపిరి వదిలితే ముక్కుల్లోంచి పొగలా ఆవిరి వచ్చింది. నా వైపు చూసింది. కోపంగా కాదు, ఎవరో కొత్త మనిషి అన్నట్టు. తర్వాత మెల్లగా రోడ్డు దిగి వెదురులోకి పోయింది. అంత పెద్ద ఒళ్ళు ఒక్క ఆకు కదలకుండా ఎలా మాయమైందో. ఇన్నేళ్ళు అడవిలో ఉండి అలాంటిది నేను చూడలేదు. ఉన్నాయి, కాలి కింద రాయి చూసే కళ్ళకు అవి పడలేదు. నీ మొదటి ఉత్తరానికి నేనిచ్చిన జవాబు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

నువ్వక్కడే ఉండు. మళ్ళీ ఎదురెదురు పోయి తప్పిపోయే పని పెట్టుకోవద్దు. నీ ఉత్తరం వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను.

నీ చెల్లెలు
మంగ్లి


ఇప్పలగుంపు
22 డిసెంబర్ 2024

మంగ్లీ,

నీ ఉత్తరం నీ గుమ్మంలో కూర్చుని చదివాను. దూడ గుర్తుంది. నువ్వు వెనక ఉన్నావన్న సంగతే నాకు తెలియదు. ఆ రోజు నాకు వినపడి ఉంటే చెప్పేది ఒక్కటే మాట. రా. ఇప్పుడైనా అదే. కాగితం మీద నా చేతులతో రాస్తున్నాను, రా. బరువన్న మాట ఇంకెప్పుడూ అనకు.

కానీ ఇక్కడ ఈ కొద్ది రోజుల్లో చూసింది కూడా చెప్పాలి. నువ్వు లేవని తెలిసినా పిల్లలు పొద్దున్నే నీ వాకిట్లోకి వచ్చి కూర్చుంటున్నారు. మొన్న ఒక అమ్మాయి నెలల బిడ్డను చంకనేసుకుని గుట్ట అవతల నుంచి తూకం వేయించడానికి వచ్చింది. నువ్వు లేవని తెలిసి, ఆకు దొప్పలో తేనె నీ కోసం నా చేతిలో పెట్టి తిరిగి పోయింది. ఎర్రమ్మ రోజూ ఒక పూట అంబలి, ఒక పూట అన్నం పెడుతోంది. జీలుగు కల్లు కూడా ఇచ్చింది. అది తాగాక ఉసిరికాయ మీద నీళ్ళ గొప్ప తగ్గిపోయిందని ఒప్పుకుంటున్నాను.

నిన్న రవీందర్ నన్ను గుట్ట మీదికి తీసుకుపోయాడు. చెట్ల మధ్య సన్నటి బాట, పైదాకా ఎర్రగా అరిగి ఉంది. ఇది ఎవరేశారని సైగ చేశాను. రాసి చూపించాడు. "ఇదివరకు బాట లేకుండె. టీచరమ్మ టీకాలకు పోయి పోయి పడింది. అందరం గిదే నడుస్తం. మంగ్లి బాట అంటం."

నేను ఎవరో వేసిన తారురోడ్డు మీద జీవితమంతా తిరిగాను. నువ్వు నీ రెండు కాళ్ళతో అడవిలో దారి పుట్టించావు. గుడ్లు మోస్తూ, రాళ్ళు చూసుకుంటూ, మోకాళ్ళు నొప్పని తిట్టుకుంటూ. ఆ బాట మీద చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. వచ్చి మాతో ఉండమని నోరారా అంటున్నాను, దీన్ని వదిలేసి రమ్మనడానికి మాత్రం నోరు రావడం లేదు. నువ్వేది చేసినా నాకిష్టమే.

ఈ ఉత్తరం అందాక బయలుదేరు. ఇరవై ఎనిమిది నుంచి రోజూ రేవు దగ్గరికి వచ్చి కూర్చుంటాను. దూరం నుంచి పిలవకు, నాకు వినపడదు. నేను నీళ్ళ వైపే చూస్తూ ఉంటాను.

అన్న


గోదావరి ఇవతలి ఒడ్డు
30 డిసెంబర్ 2024

అన్నా,

పడవాయన అన్నం తింటున్నాడు. ఆయన వచ్చేలోపు ఇది రాస్తున్నాను. అక్కడ దిగాక మాటలు సైగలతో తేల్చుకోవడం నాకింకా రాదు.

వదిన కూడా వచ్చింది. వద్దంటే వినలేదు. "మీ ఇద్దరికి పిచ్చి లేసింది, ఎవరో ఒకరు కాపలా ఉండొద్దా" అంది. తండా దాటి ఇంత దూరం ఎప్పుడూ నడవలేదు. మొదటి రోజు మూలిగింది. రెండో రోజు నాకంటే ముందు నడిచి, ప్రతి చెట్టు పేరూ అడిగింది. ఇందాక చెట్లు తప్పుకుని నది మొత్తం కనిపించేసరికి అక్కడే ఇసుకలో కూలబడింది. బస్సు కిటికీలోంచి తప్ప గోదావరిని చూడలేదట. "గింత పెద్దగ ఉండి గింత సప్పుడు లేకుంట ఉంటదా" అంది. ఇంకా అలాగే చూస్తోంది.

నా నిర్ణయం చెప్తాను. నేను ఇప్పలగుంపులోనే ఉంటాను. ఈ మాట కోపంతో అనడం లేదు. ఇన్నాళ్ళు ఇంకెక్కడికీ పోలేక అక్కడున్నాననుకుని కుమిలిపోయాను. నువ్వు రా అని రాశావు. ఆ కాగితం నా రవికెలో ఉంది. ఇక తండా నాకుంది. అది ఉందని తెలిశాక, ఇప్పలగుంపులో ఉండడం నా ఇష్టమైంది. ఒంట్లో ఓపిక తగ్గిననాడు నేనే వస్తాను, అప్పుడు అడగను కూడా. ఆ బాటకు నా పేరు పెట్టారని ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా నాతో అనలేదు. నువ్వు చెప్పాకే తెలిసింది. దాని మీద నిన్నూ వదిననూ నడిపించుకుపోవాలి.

పడవాయన చేతులు కడుక్కుంటున్నాడు. అవతలి ఒడ్డున ఇసుకలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఇంత దూరానికి చుక్కలా ఉన్నాడు. మిగతావాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారు, ఆ చుక్క కదలడం లేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. నీ చేతికే ఇస్తాను.

మంగ్లి